వెనక గది తాళం

ఫినాయిలు కలిపిన నీళ్ళ బాల్టీ పట్టుకుని వరహాలమ్మ మళ్ళీ వచ్చింది. లహరి కుర్చీలోంచి లేవలేదు. ఆమె వీపు వెనక మూసిన తలుపు ఉంది. ఆ తలుపు తాళంచెవి ఆమె గుప్పిట్లో ఉంది.

"లెగు," అంది వరహాలమ్మ. "పోఛా కొట్టేసి బేగి ఒచ్చేస్తాను."

"పోలీసులు వచ్చేవరకూ లోపలికి ఎవరూ వెళ్ళకూడదత్తయ్యా."

"నా ఇంట్లో గదికి నన్నెల్లొద్దంటావేటి?"

అత్తగారు అడగడం, తను కాదనడం, ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చెయ్యడం, పొద్దుటినుంచీ ఇదే నడుస్తోంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె ఏనాడూ వరహాలమ్మ మాటకి ఎదురు చెప్పలేదు. ఇవాళ చెప్పక తప్పలేదు.

ఆ గది వరహాలమ్మ తమ్ముడు రామమూర్తిది. రైలింజను డ్రైవరుగా రిటైరయ్యాడు. పిల్లల్లేరు. భార్య పోయాక అక్క దగ్గరికి వచ్చేశాడు. లహరి ఆయన్ని బాబాయిగారని పిలుస్తుంది. పొద్దున్న ఆమె కాఫీ తీసుకువెళ్ళేసరికి ఆయన మంచానికీ ఇనప బీరువాకీ మధ్య నేల మీద వెల్లకిలా ఉన్నాడు. మెడదాకా దుప్పటి ఉంది. నడుంనొప్పికి కింద పడుకున్నారు కాబోలు అనుకుంది ముందు. తర్వాత తల కింద గచ్చు మీద రక్తం కనిపించింది. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బట్టలన్నీ కింద ఉన్నాయి.

మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూస్తే నాడి సన్నగా తగిలింది. ఊపిరుందని ఇల్లంతా వినబడేలా పిలిచి చెప్పింది. అప్పుడామెకి ఉద్యోగం గుర్తులేదు, మనిషిని బతికించుకోవడమే గుర్తుంది. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచరు తెచ్చినప్పుడు మాత్రం, గోడవారగా రండి, ఆ బట్టలు తొక్కకండి అని అడ్డుపడింది. వాళ్ళు దుప్పటి తీసి కుర్చీ మీద వేశారు. ఆమె భర్త ఈశ్వర్ వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళాడు. బండి వీధి మలుపు తిరగగానే ఆమె గదికి తాళం వేసి, పోలీసులకి ఫోను చేసింది.

వేరే ఇళ్ళలో అయితే ఇది లహరికి అలవాటైన పనే. రాయపూర్ ఫోరెన్సిక్ విభాగంలో ఆమె సైంటిఫిక్ ఆఫీసరు. నేరం జరిగిన చోటికి వ్యానులో వెళ్ళి, అక్కడున్న ఆనవాళ్ళు చెడిపోకుండా సేకరించి తేవడం ఆమె ఉద్యోగం. తాము వెళ్ళేసరికి ఎన్ని ఇళ్ళలో గచ్చు తళతళలాడుతూ ఉండేదో ఆమెకి తెలుసు. అలా కడిగినవాళ్ళందరూ చెడ్డవాళ్ళేం కాదు. అయినవాళ్ళ రక్తాన్ని చూస్తూ కూర్చోలేక కడిగేసినవాళ్ళే ఎక్కువ.

వరహాలమ్మ బాల్టీ కింద పెట్టింది. "పోనీ నేలొగ్గీ. ఆ దుప్పటొకటి తీసి ఇయ్యి. నానబెడతాను."

"అదీ ముట్టుకోకూడదు."

"దొంగెవడో వచ్చినాడు, బీరువా తీసినాడు, ముసలోణ్ణి తోసీసినాడు. చూస్తే తెలీదేటి? దీనికి పోలీసులెందుకు చెప్పు."

లహరి కళ్ళు అప్రయత్నంగా మేడమెట్ల వైపు వెళ్ళాయి. మేడ మీద బావగారు సూరిబాబు ఉంటాడు. ఈశ్వర్‌కి అన్న. భన్‌పురిలో లారీల ఆఫీసు నడుపుతున్నాడు. భార్యాపిల్లలు బొబ్బిలి వెళ్ళారు. తెల్లవారకముందే లోడు ఉందని వెళ్ళిపోయాడట. అప్పటినుంచీ ఫోను ఎత్తడం లేదు.

నిన్న సాయంత్రం సూరిబాబుకీ రామమూర్తికీ ఈ గదిలోనే గొడవ జరిగింది. అభన్‌పూర్ రోడ్డు మీద సూరిబాబు లారీ ఒక సైకిలు మనిషిని కొట్టేసి ఆగకుండా వచ్చేసింది. ఆ మనిషి పోయాడు. సూరిబాబు బండిని షెడ్డులోకి తోయించి, కడిగించి, ముందు బంపరు మార్పించాడు. వెళ్ళి ఒప్పుకోమని రామమూర్తి వారం నుంచీ చెబుతున్నాడు. నువ్వు వెళ్ళకపోతే తెల్లారాక నేనే పోలీసు థానాకి వెళ్తానని నిన్న తెగేసి చెప్పాడు. ఆ మాటలు వంటింట్లోకి వినబడ్డాయి.

కాసేపటికి గొడవ సద్దుమణిగింది. సూరిబాబు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, మావయ్య తినడట, పడుకున్నాడు, లేపొద్దన్నాడు అని చెప్పి మేడ ఎక్కాడు. లహరి కంచం మీద మూత పెట్టేసింది. బాబాయిగారికి సుగరు జబ్బు. ఆయన తినకుండా పడుకోరు. ఆ సంగతి తెలిసి కూడా తాను వెళ్ళి తలుపు తోసి చూడలేదు. పొద్దుటినుంచీ ఆ సంగతే ఆమెని తొలిచేస్తోంది.

ఫోను మోగింది. ఈశ్వర్. స్కానింగ్ తీశారట. తల వెనక దెబ్బ లోతుగానే ఉంది గాని లోపల రక్తం పెద్దగా గడ్డకట్టలేదట. సుగరు బాగా పడిపోయిందట, స్పృహ ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారట. తర్వాత మెల్లగా అన్నాడు.

"లహరీ, అమ్మ ఫోన్ చేసింది. ఆ తాళం తీసెయ్యి."

"ఎందుకండీ?"

"ఎందుకేంటి. మావయ్య బతికే ఉన్నాడు. మన ఇంటి సంగతి మనం చూసుకుందాం."

"బతికితే ఆయన చెప్తారు. బతక్కపోతే ఆయన తరఫున చెప్పడానికి ఈ గది తప్ప ఏముంది?"

అవతల ఆసుపత్రి వరండాలో ఎవరి పేరో పిలుస్తున్నారు. అన్న ఫోను ఎత్తాడా అని ఈశ్వర్ అడిగాడు. లేదంది. అతను పెట్టేశాడు.

పోలీసు స్టేషను నుంచి వచ్చిన థానేదార్ నెమ్మదైన మనిషి. బూట్లు గుమ్మం బయటే విడిచి వచ్చాడు. వెంట ఒక మహిళా కానిస్టేబులు ఉంది. లహరి తాళంచెవి ఆయన చేతికిచ్చి, తాను గదిలో ఎక్కడ నిలబడిందీ, దేన్ని ముట్టుకుందీ, ఎవరెవరు ఎటునుంచి వచ్చి వెళ్ళిందీ వరసగా చెప్పింది. తాను ఈ ఇంటి మనిషి కాబట్టి లోపల ఒక్క వస్తువు కూడా తీయకూడదనీ, తమ విభాగం నుంచి వేరొకరు రావాలనీ చెప్పింది. వాళ్ళు బయల్దేరారని ఆయన అన్నాడు.

తర్వాత ఆయన వరహాలమ్మని అడిగాడు. పెరటి తలుపు తాళంచెవి ఇంట్లోవాళ్ళ దగ్గర కాక ఇంకెవరి దగ్గరైనా ఉందా?

వరహాలమ్మ నేల చూస్తూ, పనామె దగ్గర ఒకటుందని చెప్పింది.

పనామె సుకవారో అప్పుడు పెరట్లో గిన్నెలు తోముతోంది. అభన్‌పూర్ అవతలి పల్లె ఆవిడది. భన్‌పురి ఫ్యాక్టరీల వెనక బస్తీలో ఉంటుంది. లహరి ఈ ఇంటికి రాకముందు నుంచీ ఇక్కడ పనిచేస్తోంది. కానిస్టేబులు పిలిస్తే మసిచేతులతోనే వచ్చింది. నీ దగ్గర తాళంచెవి ఎందుకుందని అడిగారు. అమ్మే ఇచ్చిందని చెప్పింది. నిన్న ఎప్పుడు వెళ్ళావని అడిగారు. చీకటి పడకముందని చెప్పింది. ఇంటికి ఎవరెవరు వస్తారు, నీ కొడుకేం చేస్తాడు అని అడిగేసరికి ఆవిడకి విషయం అర్థమైంది.

"మంయ్ కుఛు నఇ కరే హవ్ నోనీ," అంది లహరి వైపు తిరిగి. నేనేమీ చెయ్యలేదమ్మా అని. గట్టిగా అనలేదు. ఏడవనూ లేదు.

కానిస్టేబులు ఆవిడని వరండా మెట్టు మీద కూర్చోబెట్టింది. ఆవిడ మసి ఆరిపోయిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లహరి అత్తగారి వైపు చూసింది. వరహాలమ్మ అక్కడ లేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వ్యానులో వచ్చింది ప్రీతి. ఆఫీసులో లహరి పక్క కుర్చీ ఆమెది. రోజూ ఒకరి డబ్బాలో కూర ఒకరు తింటారు. ఇవాళ మాత్రం లోపలికి వస్తూనే, నమస్తే మేడమ్, అంది. ఆ ఒక్క పిలుపుతో తాను ఇవాళ ఎవరో లహరికి తెలిసివచ్చింది. ఇన్నాళ్ళూ తాను ప్రశ్నలు వేసిన ఇళ్ళలో, గోడకి ఆనుకుని నిలబడి జవాబులు చెప్పిన ఆడవాళ్ళలో తానూ ఒకతె.

ప్రీతి గుమ్మానికి అడ్డంగా పసుపు రిబ్బను కట్టింది. ఎవరైనా అడిగేలోపే లహరి అడుగుజాడలకి తన ఇంటి చెప్పులు తెచ్చి ఇచ్చింది, వేలిముద్రలకి పదివేళ్ళూ చాపింది. గదిలో ఎలాగూ తన ముద్రలు ఉంటాయి. అవి ఏవో తెలిస్తేనే తక్కినవి ఎవరివో తేలుతుంది. ఇంట్లో అందరివీ, అంబులెన్సు వాళ్ళవీ కూడా కావాలి. సిరా అంటిన వేళ్ళని పాతగుడ్డకి తుడుచుకుంటుంటే సుకవారో మెట్టు మీదనుంచి వింతగా చూసింది. ఇంటి కోడలి చేతులు కూడా నల్లబడతాయని ఆవిడ అనుకోలేదు.

తర్వాత లహరి రిబ్బను ఇవతల నిలబడి చూసింది. ప్రీతి ముందు ఏదీ ముట్టుకోకుండా గదంతా వీడియో తీయించింది. పక్కింటాయన్ని, ఎదురింటాయన్ని సాక్షులుగా నిలబెట్టారు. గుర్తుల పక్కన అంకెల చీటీలు, కొలబద్ద పెట్టి మళ్ళీ ఫోటోలు తీశారు. ఎండిన రక్తం నుంచి కొంచెం తడిపిన దూది పుల్లతో నమూనా తీసి ఆరబెట్టింది ప్రీతి. రక్తం లేని చోటునుంచి ఇంకో పుల్లతో గచ్చు నమూనా తీసింది. మంచం ఇనప కోడు మూలని రెండు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. దెబ్బ తగిలింది అక్కడే. మంచం కిందనుంచి ఒక చొక్కా గుండీ దొరికింది. దారంతో పాటు చిన్న గుడ్డపీలిక కూడా ఊడి వచ్చింది. ఆసుపత్రిలో రామమూర్తి ఒంటిమీంచి తీసిన చొక్కా జాగ్రత్త చెయ్యమని, ప్లాస్టిక్ సంచిలో పెట్టొద్దని ప్రీతి అక్కడి కానిస్టేబులుకి ఫోనులో చెప్పింది. తడి ఉన్న బట్టని ప్లాస్టిక్‌లో మూస్తే కుళ్ళిపోతుంది, ఇక ఏమీ మిగలదు.

కిందపడిన బట్టల్ని ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. గుమ్మం వైపు థానేదార్ ఉన్నాడు. ఆమె ఆయనతోనే మాట్లాడినా, వింటున్నది లహరి.

రక్తం పారిన చోట ఒక పంచె పడి ఉందనీ, దాని అడుగున చిన్న మరక కూడా లేదనీ చెప్పింది. రక్తం పూర్తిగా ఆరిపోయాక ఎవరో ఆ బట్టలు పడేశారు. దొంగతనం కోసం వచ్చినవాడు కొట్టి, బీరువా తీసి, వెంటనే పోతాడు. గంటలు ఆగి తీయడు.

ఆ తర్వాత కుర్చీ మీది దుప్పటి విప్పి పట్టుకుంది. రెండువైపులా తిప్పి చూసింది. ఆయన మెడ, భుజం నిండా రక్తం ఉందని అంబులెన్సు వాళ్ళు రాసిచ్చారు. మెడదాకా కప్పిన దుప్పటికి మాత్రం రక్తం అంటలేదు.

"ఇది కూడా ఆరాకే కప్పారు," అంది ప్రీతి. "బహుశా బట్టలు పడేసిన మనిషే."

కొట్టి దోచుకునేవాడు దుప్పటి ఎందుకు కప్పుతాడని థానేదార్ తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. లహరిని అడిగాడు, ఈ దుప్పటి ఎవరిది?

పొద్దున్న ఆ కంగారులో లహరి దాన్ని సరిగా చూడలేదు. ఇప్పుడు చూసింది. సన్నటి పొందూరు ఖద్దరు, ఎర్రంచు. గది ఇవతలికి కూడా కర్పూరం వాసన వస్తోంది. అది రామమూర్తి దుప్పటి కాదు. ఆ ఇంట్లో ఎవరూ కప్పుకునేది కాదు. పోయిన మావగారిది. వరహాలమ్మ ట్రంకుపెట్టెలో అడుగున, కర్పూరం బిళ్ళల మధ్య ఉంటుంది. ఏడాదికోసారి ఎండలో వేసి, మళ్ళీ మడతపెట్టి దాస్తుంది. దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వగా లహరి చూడలేదు.

"ఈ ఇంటిదే," అంది.

అది అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు. ప్రీతి తలెత్తి ఆమెని ఒక్క క్షణం చూసి, దుప్పటి మడతల మధ్య కాగితాలు వేసి, కాగితపు సంచిలో పెట్టి, లక్కతో సీలు వేసింది. సాక్షులు దాని మీద సంతకాలు పెట్టారు.

వంటింట్లో వరహాలమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. పొద్దుటి కాఫీ తర్వాత మళ్ళీ పొయ్యి వెలిగించలేదు. లహరి ఎదురుగా నేల మీద కూర్చుంది. చేటలో బియ్యం ఒకవైపు నుంచి ఇంకోవైపుకి జరిగింది.

"మావయ్యగారి దుప్పటి తీశారు కదా మీరు," అంది లహరి.

వరహాలమ్మ చేతులు ఆగిపోయాయి.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టేసరికి గొంతు మామూలుగానే ఉంది. తెల్లవారకముందే లేచి పెరట్లోకి వెళ్తుంటే తమ్ముడి గదిలో లైటు వెలుగుతోందట. తలుపు తోసిందట. రక్తంలో ఉన్నాడట.

"ముట్టుకుంటే చల్లగున్నాడే. నోటికాడ చెయ్యెట్టి చూసినాను. ఏటీ తగల్లేదు. పోయినాడనుకున్నాను. పక్కనే కూకున్నాను చాలాసేపు. నాకంటే చిన్నోడు. నా సంకెక్కి తిరిగినోడు. మీ మావయ్య దుప్పటి తెచ్చి కప్పినాను."

"బీరువా?"

"నిన్న గొడవ నేనూ విన్నాను కదే. ఎవలు చేసినారో నాకు తెలీదేటి. తమ్ముడెలాగూ పోయినాడు. కొడుకైనా మిగలాలి కదా అనుకున్నాను." చేటలో బియ్యం సర్దింది. సర్దాల్సిన అవసరం లేదు. "నువ్వొచ్చి ఊపిరుందన్నావు. ఆ మాటకి సంతోషించాలో, నా తల బద్దలు కొట్టుకోవాలో తెలీలేదు. బతికున్నోణ్ణి అలాగొగ్గీసి బట్టలు పీక్కుంటా కూకున్నాను."

లహరి ఆవిడ చేతి మీద చెయ్యి వెయ్యబోయి తన సిరా వేళ్ళు చూసి ఆగింది. వరహాలమ్మ ఆ వేళ్ళు చూసింది.

"సుకవారో బయట కూర్చుంది అత్తయ్యా. పొద్దుటినుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదు. వాళ్ళబ్బాయిని పిలిపిస్తామంటున్నారు."

వరహాలమ్మ తల దించుకుంది.

"ఆ దుప్పటి ఎవరిదో నన్నడిగారు. మళ్ళీ అడుగుతారు. మీరు చెప్తే మీ అంతట మీరే ఒప్పుకున్నట్టుంటుంది. నేను చెప్తే మీ మీద సాక్ష్యమవుతుంది."

"నువ్వు చెప్పకపోతే?"

"చెప్పకుండా ఉండలేను."

"మొగుడి తల్లి కన్నా నీకు ఆ పనిమనిషెక్కువేటి?"

ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. ఎక్కువా తక్కువా అని లహరి ఆలోచించలేదు. చెయ్యని పనికి ఒక మనిషి గుమ్మంలో కూర్చుని ఉంది, తాను లోపల నిలబడి చూస్తోంది. ఈ రెండూ కలిపి ఆమె భరించలేకపోతోంది. అదే చెప్పింది. వరహాలమ్మ విన్నదో లేదో తెలియదు. చేట పక్కన పెట్టి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని హాల్లోకి నడిచింది.

సీలు వేసిన సంచులు బల్ల మీద వరసగా ఉన్నాయి. థానేదార్ వాటికి అంకెలు రాయిస్తున్నాడు. వరహాలమ్మ ఆయన ఎదుట నిలబడి, తనకొచ్చిన హిందీలో, ఆ పనామెని పంపించెయ్యమంది. ఆవిడకేమీ తెలియదంది. దుప్పటి తనదేనని చెప్పింది, కప్పింది తనేనని చెప్పింది, బట్టలు పడేసింది కూడా తనేనంది.

లహరి ఊపిరి పీల్చుకుంది. వరహాలమ్మ ఇంకా ఆపలేదు.

"కొట్టింది కూడా నేనే. మాకూ మాకూ మాటామాటా వచ్చింది. సూరిబాబు ఇంట్లోనే లేడు."

ప్రీతి చేతిలో లక్క కడ్డీ అలాగే ఉండిపోయింది. లహరి అత్తగారి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో పొద్దుటినుంచీ ఉన్న బెదురు లేదు. ఇప్పుడే ఏదో పని చక్కబెట్టుకున్న మనిషిలా ఉంది ఆవిడ.

థానేదార్ దేనితో కొట్టారమ్మా అని అడిగాడు. కర్రతో అంది. ఆ కర్ర ఎక్కడుందని అడిగాడు. పారేశానంది. ఆయన మంచం కోడు సంగతి ఎత్తలేదు, గుండీ సంగతి ఎత్తలేదు. చెప్పినవన్నీ రాసుకున్నాడు. తర్వాత సుకవారోని వెళ్ళమన్నాడు.

సుకవారో మెట్టు మీదనుంచి లేచింది. పెరట్లో గిన్నెలు సగమే తోమి ఉన్నాయి. వాటి వైపు వెళ్ళలేదు. నడుముకి కట్టుకున్న పెరటి తాళంచెవి విప్పి, హాల్లోకి వచ్చి వరహాలమ్మ కాళ్ళ దగ్గర గచ్చు మీద పెట్టింది. ఇన్నేళ్ళుగా అమ్మా అని పిలిచిన మనిషిని ఏమీ అనకుండా గేటు తీసుకుని వెళ్ళిపోయింది. లహరి వెనకే రెండడుగులు వేసింది గాని, ఏమని పిలవాలో తెలియలేదు.

అప్పుడు ఫోను మోగింది. ఈశ్వర్.

"మావయ్య కళ్ళు తెరిచాడు లహరీ. నన్ను గుర్తుపట్టాడు. అక్కేదీ అనడిగాడు."

లహరి ఆ మాట అత్తగారికి తెలుగులో చెప్పింది. వరహాలమ్మ ఉన్నచోటే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పొద్దుటినుంచీ ఆవిడ ఏడవడం అదే మొదలు. ప్రీతి పక్కకి తిరిగి కిటికీలోంచి బయటికి చూసింది.

"ఇంకో మాట," అన్నాడు ఈశ్వర్. "ఆసుపత్రిలో పోలీసు అడిగితే మావయ్య చెప్పాడు. ఎవరూ కొట్టలేదట. కాలు జారి పడ్డాడట. పోలీసు అలాగే రాసుకున్నాడు. ఇంక అయిపోయింది కదా?"

లహరి ఫోను థానేదార్‌కి ఇచ్చింది. ఆయన విని, సరే అని, తిరిగి ఇచ్చేశాడు. సీలు వేసిన సంచుల వైపు కొంతసేపు చూశాడు. అక్క కర్రతో కొట్టానంటోంది, తమ్ముడు కాలు జారానంటున్నాడు, అన్నాడు నెమ్మదిగా. కాలు జారినవాడి చొక్కా గుండీ గుడ్డతో సహా ఊడదు. కర్రతో కొడితే వెంట్రుకలు మంచం కోడుకి అంటవు.

ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఒకే మనిషిని కాపాడుతున్నారు. నిన్నటిదాకా ఆ మనిషిని థానాకి పంపాలని పట్టుబట్టిన బాబాయిగారు కూడా, చావు దాకా వెళ్ళి వచ్చాక, మనసు మార్చుకున్నారు. లహరికి ఆయన మీద కోపం రాలేదు. బోలెడంత అలసట మాత్రం వచ్చింది. అభన్‌పూర్ రోడ్డు మీద చచ్చిపోయిన సైకిలు మనిషికీ ఒక అక్క ఉండే ఉంటుంది. ఆ లారీని కడిగేశారు. ఈ గదిని మాత్రం ఎవరూ కడగలేదు.

ప్రీతి సంచుల్ని పెట్టెలో సర్దుకుని వ్యానులోకి చేర్చింది. వెళ్తూ లహరి భుజం మీద చెయ్యి వేసి తీసింది. డ్యూటీలో ఉండగా ఆమె చేయగలిగింది అంతే.

థానేదార్ కుర్చీ జరుపుకుని లహరిని ఎదురుగా కూర్చోమన్నాడు. వరహాలమ్మ గోడకి ఆనుకుని ఉంది. కళ్ళు తుడుచుకుని కోడలి వైపు చూసింది. అడగకుండానే అంతా అడిగింది.

"మీరు చూసిందే చెప్పండి," అన్నాడాయన. "అనుకున్నది వద్దు. నిన్న సాయంత్రం ఆ గదిలోంచి చివరగా బయటికి వచ్చింది ఎవరు?"

బయట మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. గేటు గడియ తీశారు. ఆ గడియ తీసే తీరు ఇంట్లో అందరికీ తెలుసు.

"సూరీ, లోపలికి రాకురా," అంది వరహాలమ్మ తెలుగులో, గొంతు పెంచకుండానే.

అడుగులు వరండా దాకా వచ్చి ఆగాయి. వెనక్కి వెళ్ళలేదు. లోపలికీ రాలేదు.

లహరి గుమ్మం వైపు తిరగలేదు. సిరా ఆరిపోయిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. థానేదార్ ముఖంలోకి చూస్తూ, కంచంలో అన్నం వడ్డించి బాబాయిగారి కోసం ఎదురుచూస్తున్నప్పుడు వంటింటి గుమ్మం దగ్గరికి ఎవరు వచ్చి ఏమని చెప్పారో, వరండాలో ఉన్న మనిషికి కూడా వినబడేలా చెప్పడం మొదలుపెట్టింది.